పసిబిడ్డకు ఆయాను వెతికి పెట్టుకోవడం: మొదటి ఫోను నుంచి మూడో నెల దాకా

ఉద్యోగం చేసే తల్లికి ఆయా అవసరం సాధారణంగా ఒక తేదీతో ముడిపడి వస్తుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు. అందులో 8 వారాల వరకు ప్రసవానికి ముందే వాడుకునే వీలుంది కాబట్టి, తల్లి తిరిగి ఆఫీసుకు వెళ్ళే నాటికి బిడ్డ వయసు నాలుగు నెలలకూ ఆరు నెలలకూ మధ్య ఉంటుంది. బోర్లా పడడం, చేతికి అందినదల్లా నోట్లో పెట్టుకోవడం, మొదటి అన్నం ముద్ద మింగడం సరిగ్గా ఆ వారాల్లోనే మొదలవుతాయి. అంటే మనం బిడ్డను కొత్త మనిషి చేతిలో పెట్టే సమయమూ, బిడ్డకు ప్రమాదాలు పెరిగే సమయమూ ఒకటే. అందుకే సెలవు ముగిసే వారంలో కాక, కనీసం 8 వారాల ముందే వెతకడం మొదలుపెట్టమని నేను చెబుతాను.

మా ఇద్దరు పిల్లలకు ఐదేళ్ళలో ముగ్గురు ఆయమ్మలు పనిచేశారు. మొదటిసారి మేము దొంగతనం గురించీ, పిల్లల్ని ఎత్తుకుపోయేవారి గురించీ భయపడ్డాం. పోలీసు కాగితం ఒకటి వస్తే గండం గడిచినట్లే అనుకున్నాం. తీరా అనుభవంలో తేలినదేమిటంటే, రోజువారీ ప్రమాదం నేరస్థురాలి వల్ల కాక, జరిగినదాన్ని భయంతో దాచిపెట్టే మంచి మనిషి వల్లనే ఎక్కువగా వస్తుంది. కింద చెప్పే పద్ధతి అంతా ఆ ఒక్క సంగతి చుట్టూ అల్లుకున్నది. తప్పు జరిగితే నిమిషంలో ఫోను చేసి చెప్పగలిగే మనిషిని ఎంచుకోవాలి, అలా చెప్పగలిగే ఇంటిని మనం తయారు చేసుకోవాలి.

1. ముందు ఇంట్లో తేల్చుకోవలసినవి

మనిషిని వెతికే ముందు పని ఏమిటో కాగితం మీద పెట్టాలి. పగటి మనిషి కావాలా, ఇంట్లోనే ఉండే ఇరవైనాలుగు గంటల మనిషి కావాలా అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో ఉండే మనిషి అయితే ఆమెకు పడుకునే చోటు, బట్టలు మార్చుకోవడానికి తలుపు వేసుకునే గది, రాత్రి విశ్రాంతి వేళలు ఉండాలి. హాల్లో సోఫా పక్కన చాప పరిచి, రాత్రి మూడుసార్లు పాలకు లేపి, పొద్దున ఆరింటికి మళ్ళీ పని చెబితే ఆమె మధ్యాహ్నం పాపను ఒళ్ళో పెట్టుకునే నిద్రపోతుంది. తప్పు ఆమెది కాదు.

రెండో ప్రశ్న పనుల గురించి. "పాపను చూసుకోవడంతో పాటు చిన్నచిన్న పనులు" అనే మాట చాలా ఇళ్ళలో కొంప ముంచుతుంది. బిడ్డ బట్టలు, బిడ్డ గిన్నెలు, బిడ్డ తిండి వరకు ఆయా పని అనీ, ఇంటి అంట్లు, వంట, ఊడ్చి తుడవడం వేరే మనిషి పని అనీ తేల్చుకోండి. డబ్బు సరిపోక రెండూ ఒకరికే అప్పగించవలసి వస్తే, బిడ్డ మెలకువగా ఉన్నంతసేపూ ఇంటి పని ముట్టకూడదన్న నియమం పెట్టండి. చంకలో బిడ్డతో పోపు వేసే దృశ్యం మనకు అలవాటైపోయింది కానీ, చిన్నపిల్లలకు కాలిన గాయాలు చాలావరకు వంటగదిలోనే తగులుతాయి.

మూడోది, ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే ఆయాకు మాట చెప్పేది ఎవరన్నది. ఇద్దరు చెరో మాట చెబితే ఆమె ఎవరికీ ఏమీ చెప్పకుండా తన పద్ధతిలో తాను చేసుకుపోతుంది.

ఇంకొక మాట ఇక్కడే చెప్పాలి. ఆయాకు వేరే గ్లాసు, వేరే కంచం పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఆమె ఏ కులమో అడిగి తెలుసుకునే ఇళ్ళు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. స్టీలు గ్లాసు ముట్టుకోనివ్వని మనిషి చేతిలో ఆరు నెలల బిడ్డను పెడుతున్నామన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టదేమో, ఆమెకు మాత్రం రోజూ తడుతూనే ఉంటుంది.

వయసు విషయంలో బేరం ఉండకూడదు. 14 ఏళ్ళలోపు పిల్లలను ఇంటి పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచే నిషేధించారు. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, కొద్ది మినహాయింపులు తప్ప, ఆ వయసు పిల్లలను ఏ రకమైన పనిలోనూ పెట్టుకోకూడదని తేల్చింది. చట్టం మాట అటుంచినా, 18 ఏళ్ళు నిండని అమ్మాయికి పసిబిడ్డను అప్పగించకండి. "మా చెల్లెలి కూతురమ్మా, పాపతో ఆడుకుంటుంది" అంటూ పదమూడేళ్ళ పిల్లను తీసుకొస్తే, ఆ పిల్లకే రక్షణ కావాలని గుర్తుపెట్టుకోండి. అలాంటప్పుడు చేయవలసిన ఫోను 1098, పిల్లల సహాయానికి ఉన్న నంబరు.

2. ఎక్కడ వెతకాలి

మొదటి చోటు తెలిసినవారే. మీ అపార్ట్‌మెంటులోనే ఎవరి బిడ్డ బడికి వెళ్ళే వయసుకు వచ్చిందో చూడండి. వారి ఆయా రెండు మూడు నెలల్లో ఖాళీ అవుతుంది, ఆమె పని మీ కళ్ళముందే ఉంది. పార్కులో సాయంత్రం పూట ఆయాలు కూర్చునే బల్ల దగ్గర నాలుగు రోజులు తిరిగితే ఎవరు ఫోనులో మునిగి ఉన్నారో, ఎవరు బిడ్డ వెంట నడుస్తున్నారో మీకే తెలుస్తుంది. నా మటుకు నాకు ఏ ఇంటర్వ్యూ కంటే ఈ బల్ల దగ్గరి సాయంత్రాలే ఎక్కువ చెప్పాయి. మైగేట్ వంటి యాప్ వాడే గేటెడ్ కమ్యూనిటీల్లో పనివారి రాకపోకల సమయాలు, వారు పనిచేసే ఇళ్ళు నమోదై ఉంటాయి కాబట్టి, ఆమె రోజూ ఎన్నింటికి వస్తున్నదీ ఎన్ని నెలలుగా వస్తున్నదీ అడగకుండానే తెలిసిపోతుంది.

వాచ్‌మన్ ద్వారా వచ్చే మనిషి మంచిదే కావచ్చు. అయితే అతను ఆమె దగ్గర కమీషన్ తీసుకుంటున్నాడేమో మెల్లగా కనుక్కోండి. నెలనెలా జీతంలోంచి ఎవరికో కట్టవలసిన మనిషి నిలకడగా ఉండదు.

ఏజెన్సీలు రెండో దారి. గోదావరి జిల్లాల నుంచీ, శ్రీకాకుళం వైపు నుంచీ, ఒడిశా, జార్ఖండ్, బెంగాల్ నుంచీ మనుషులను రప్పించి ఇళ్ళకు పంపుతారు. మేము మాట్లాడిన ఏజెన్సీల్లో ఒక నెల జీతమంత ఫీజు అడిగినవారున్నారు, మనిషి మానేస్తే మరొకరిని పంపుతామన్నవారూ ఉన్నారు. డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు రాతలో తీసుకోండి: ఆమె చేతికి అందే జీతం ఎంత, అందులో ఏజెన్సీ ఏమైనా కోస్తుందా, ఎన్ని నెలల్లో ఎన్నిసార్లు మనిషిని మారుస్తారు, మారిస్తే కొత్త మనిషిని మీరు చూసి కాదనే హక్కు ఉందా. ఆమె ఆధార్ అసలు కార్డును ఏజెన్సీ తన దగ్గర ఉంచుకున్నదని తెలిస్తే అక్కడితో మాట ముగించండి. ఒక చోట మేము కట్టిన ఫీజుకు మనిషి వచ్చింది, తొమ్మిదో రోజున ఊరికి వెళ్ళింది, తర్వాత ఆ ఏజెన్సీ ఫోను మోగుతూనే ఉంది. రసీదు అడగకపోవడం మా తప్పు.

ఆన్‌లైన్ ప్రకటనల్లో, మనిషిని చూపించకముందే రిజిస్ట్రేషన్ పేరనో, రైలు చార్జీ పేరనో యూపీఐలో డబ్బు పంపమని అడిగేవారికి రూపాయి కూడా పంపకండి.

3. మాట్లాడి చూడడం

మొదట ఫోనులో పది నిమిషాలు మాట్లాడండి. ఎక్కడుంటారు, రావడానికి ఎంతసేపు పడుతుంది, ఆమె పిల్లలను ఎవరు చూసుకుంటున్నారు, ఇప్పటిదాకా చూసిన అతి చిన్న బిడ్డ వయసెంత అని అడిగితే చాలు. రెండు బస్సులు మారి గంటన్నర ప్రయాణం చేసే మనిషి వానాకాలంలో మీ తొమ్మిది గంటల మీటింగుకు అందదు. ఆమె సొంత బిడ్డకు జ్వరం వస్తే చూసేవారెవరో తెలియకపోతే, ఆమెకు సెలవు ఎప్పుడు అవసరమో మీకు తెలియనట్లే.

తర్వాత ఇంటికి పిలిచి, బిడ్డ మెలకువగా ఉన్న సమయంలో మాట్లాడండి. రాగానే బిడ్డను చేతుల్లోకి లాక్కుని ముద్దులాడే మనిషి కంటే, చేతులు ఎక్కడ కడుక్కోవాలమ్మా అని అడిగి, కాస్త దూరంలో కూర్చుని బిడ్డ చూపు తన వైపు తిరిగే దాకా ఆగే మనిషి నాకు నచ్చుతుంది.

"అనుభవం ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. జరిగిన సంగతులు చెప్పించాలి. మేము అందరినీ అడిగిన ప్రశ్న ఇది: "పాప మంచం మీంచి కింద పడింది. కాసేపు ఏడ్చి ఊరుకుంది. వాపు కనబడడం లేదు. నేను మీటింగులో ఉన్నాను. అప్పుడు ఏం చేస్తారు?" ఒకామె వెంటనే, "నా చేతుల్లో పిల్లలు ఎప్పుడూ పడలేదమ్మా" అన్నది. వినడానికి ఎంతో బాగుంటుంది. మా అత్తగారు ఆమెనే పెట్టుకుందామన్నారు కూడా. మరొకామె కొంచెం తటపటాయించి, "ముందు మీకు ఫోను చేస్తాను. ఎత్తకపోతే సారుకు చేస్తాను. వెనకటి ఇంట్లో బాబు ఒకసారి పడ్డాడమ్మా, నేను పాలసీసా తేవడానికి వెళ్ళినప్పుడు. ఆరోజు వాంతి అయితే ఆసుపత్రికి తీసుకుపోయాం" అన్నది. మేము రెండో ఆమెను పెట్టుకున్నాం. పిల్లలను ఏళ్ళ తరబడి చూసిన ఏ మనిషి చేతిలోనైనా ఏదో ఒకటి జరిగే ఉంటుంది. జరగనే లేదనే మనిషి మీ ఇంట్లో జరిగినదాన్నీ అలాగే చెబుతుంది.

బిడ్డ ఎంతకీ ఏడుపు ఆపకపోతే ఏం చేస్తారు, అన్నం తిననని మూతి తిప్పుకుంటే ఏం చేస్తారు, జ్వరంగా అనిపిస్తే ఏ మందు వేస్తారు అన్నవి మరో మూడు ప్రశ్నలు. చివరిదానికి "మిమ్మల్ని అడగకుండా ఏ మందూ వేయను" అన్నదే సరైన జవాబు.

4. వెనకటి ఇంటికి ఫోను చేయడం

ఈ మెట్టును చాలామంది మొహమాటంతో దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం పనిలో దీనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. కనీసం రెండు ఇళ్ళ నంబర్లు తీసుకోండి. ఇచ్చిన నంబరు నిజంగా ఆ ఇంటివారిదేనా అని తెలుసుకోవడానికి, ఆయా చెప్పిన వివరాలను మీరు ముందుగా బయటపెట్టకండి. "మీ ఇంట్లో ఎన్నాళ్ళు చేసింది, అప్పుడు బిడ్డ వయసెంత, పొద్దున ఎన్నింటికి వచ్చేది?" అని వారి చేతే చెప్పించి, ఆమె చెప్పిన మాటలతో సరిపోల్చండి. ఒకసారి "మేడం" గొంతుతో మాట్లాడినావిడ, బిడ్డ ఆడపిల్లా మగపిల్లాడా అని అడగగానే లైను పెట్టేసింది.

మంచి మనిషేనా అని అడిగితే మంచిదే అంటారు. ఎవరి పొట్టా కొట్టడం మనకు ఇష్టం ఉండదు. దానికి బదులు "మళ్ళీ అవసరం పడితే ఆమెనే పిలుస్తారా?" అని అడిగి ఆగండి. జవాబుకు ముందు వచ్చే మౌనం ఎంతసేపో వినండి. ఎందుకు మానేసిందీ, బిడ్డకు దెబ్బ తగిలినప్పుడు ఎవరు ముందు చెప్పారు, డబ్బు విషయంలో ఎప్పుడైనా ఇబ్బంది వచ్చిందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. అక్కడ మానేయడానికి కారణం జీతం ఆలస్యమో, పని భారమో అయితే అది ఆమె తప్పు కాదు.

5. కాగితాలు, ఆరోగ్యం

ఆధార్ కార్డు చూసినంత మాత్రాన సరిపోదు, నకిలీ జిరాక్సు చేయించడం ఎవరికైనా తెలుసు. కార్డు మీద ఉండే క్యూఆర్ కోడ్‌ను ఆధార్ సంస్థ అధికారిక యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, ఫొటో నేరుగా కనబడతాయి. మైఆధార్ వెబ్‌సైటులో నంబరు కొడితే వయసు ఏ పరిధిలో ఉన్నదో, స్త్రీయో పురుషుడో, ఏ రాష్ట్రమో, నమోదైన ఫోను నంబరులో చివరి మూడు అంకెలు ఏమిటో చూపిస్తుంది. ఆ మూడు అంకెలు ఆమె మీకు ఇచ్చిన నంబరుతో కలవాలి. ఇదంతా ఆమెకు చెప్పి, ఆమె ఎదుటే చేయండి. అసలు కార్డు ఆమె దగ్గరే ఉండాలి, మీ దగ్గర కాపీ చాలు. ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా, ఇంటి యజమాని నంబరు, ఊళ్ళో ఒక బంధువు నంబరు కూడా రాసుకోండి. వీలైతే ఒకసారి ఆమె ఇంటికి వెళ్ళి రండి, పిల్లలకు పళ్ళు తీసుకుని.

పోలీసుల దగ్గర వివరాలు ఇవ్వడం మంచిదే. హైదరాబాద్ పోలీసుల హాక్ ఐ యాప్‌లో ఇంట్లో పనిచేసేవారి వివరాలు నమోదు చేసే వీలు ఉంది, స్థానిక స్టేషనుకు వెళ్ళి కూడా ఇవ్వవచ్చు. కాకపోతే ఈ పరిశీలన చెప్పేది ఆమె మీద కేసు ఉన్నదా లేదా అన్నది మాత్రమే. ఓర్పు ఉన్నదా, నిజం చెబుతుందా అన్నవి ఏ స్టేషన్ రికార్డులోనూ ఉండవు.

ఆరోగ్య పరీక్షల ఖర్చు మీదే. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే క్షయ పరీక్ష తప్పనిసరి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ పరీక్షా, మందులూ ఉచితం. క్షయ అని తేలినా మనిషిని వీధిన పడేయకుండా, చికిత్సకు దారి చూపించి, ఇక అంటదని డాక్టరు చెప్పాక పనిలోకి పిలవవచ్చు. పసిబిడ్డ దగ్గర ఉండేవారు కోరింత దగ్గు, ఫ్లూ టీకాలు వేయించుకోవడం మంచిది. మీ పిల్లల డాక్టరును అడిగి ఆమెతో పాటు మీరూ వేయించుకోండి.

6. మాటలన్నీ రాసుకోవడం

ఇంట్లో పనిచేసేవారికి దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు అలాంటి చట్టం అవసరాన్ని పరిశీలించేందుకు కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. చట్టం లేని చోట మాటే చట్టం కాబట్టి, ఆ మాటను తెలుగులో ఒక పేజీ మీద రాసి, చదివి వినిపించి, ఇద్దరూ సంతకం చేసి, చెరొక కాపీ ఉంచుకోండి. ఆమెకు తెలుగు రాకపోతే ఆమె భాష తెలిసినవారి చేత చెప్పించండి.

జీతం ఎంత అన్నదానికి మీ అపార్ట్‌మెంటులో మూడు ఇళ్ళను అడిగితే లెక్క తేలుతుంది. అందరికంటే తక్కువకు దొరికిందని సంతోషించకండి, వెయ్యి ఎక్కువ ఇచ్చే ఇల్లు పక్క బ్లాకులోనే ఉంటుంది. గొడవలు జీతం దగ్గర కాక, సెలవుల దగ్గర వస్తాయి. ఉదాహరణకు నెలకు 18,200 రూపాయలు, వారానికి ఒక సెలవు అనుకుంటే, పని రోజులు 26, రోజుకు 700. సెలవు రోజున పిలిస్తే 700 అదనం, నెలకు ఒకటో రెండో జీతంతో కూడిన సెలవులు, అవి దాటితే రోజుకు 700 కోత. మీరే ఊరికి వెళ్ళి పది రోజులు ఇల్లు తాళం వేస్తే కోత ఉండకూడదు. దసరాకో సంక్రాంతికో ఆమె ఊరికి వెళ్ళే రోజులు ముందే తేల్చండి. సంక్రాంతికి వారం ముందు సెలవు అడిగిందని ఆశ్చర్యపోయే ఇళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం. మానేయాలనుకుంటే ఇటూ అటూ నెల రోజుల ముందు చెప్పాలని రాయండి.

జీతం నెలలో ఒకే తేదీన, ఆమె పేరున ఉన్న ఖాతాలో వేయండి. పెద్ద మొత్తం అడ్వాన్సుగా ఇచ్చి అప్పు తీరే దాకా కట్టిపడేయడం తగదు. ఇస్తే నెలకు ఎంత చొప్పున తగ్గిస్తారో రాసుకోండి. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా వస్తుంది. ఆ 20 రూపాయలు మీరే కట్టి, అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ ఈ-శ్రమ్ పోర్టల్లో ఆమె పేరు లేకపోతే పది నిమిషాలు కూర్చుని నమోదు చేయించండి. పనిచోట లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం ఇంట్లో పనిచేసే మహిళలకూ వర్తిస్తుంది, ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చేయవచ్చు. ఈ సంగతి ఇంట్లోని మగవారికీ తెలిసి ఉండాలి.

7. మొదటి రెండు వారాలు

సెలవు ముగియడానికి రెండు వారాల ముందే ఆమె పనిలో చేరాలి. మొదటి మూడు నాలుగు రోజులు మీరు చేస్తూ ఉంటే ఆమె చూడాలి, తర్వాత ఆమె చేస్తూ ఉంటే మీరు చూడాలి, రెండో వారంలో గంట, రెండు గంటలు, సగం పూట బయటకు వెళ్ళి రావాలి. ఈ రోజులకు పూర్తి జీతం ఇవ్వాలి.

నేర్పవలసినవి నోటితో చెబితే చాలదు, చేయించాలి. పిండిన తల్లిపాలు 25 డిగ్రీల గదిలో 4 గంటల వరకు, ఫ్రిజ్ లోపలి అరలో 4 రోజుల వరకు నిలవ ఉంటాయి. మన ఏప్రిల్ ఎండలకు బయట పెట్టాలన్న ఆలోచనే వద్దు. సీసా మీద తేదీ, సమయం రాసిన పట్టీ అంటించి, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి వెచ్చబెట్టడం చూపించండి. బిడ్డ తాగి వదిలిన పాలు 2 గంటలు దాటితే పారబోయాలి. పాలు పారబోయడం ఆమెకు ప్రాణం పోయినట్లు ఉంటుంది, "మీరేం అనుకుంటారో అని ఉంచానమ్మా" అంటుంది, కాబట్టి పారబోస్తే ఏమీ అనుకోమని ముందే చెప్పండి.

ఏడాదిలోపు బిడ్డకు తేనె నాకించకూడదు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయకూడదు. వెల్లకిలా పడుకోబెట్టాలి. వేరుశనగ పలుకులు, పచ్చి శనగలు, ద్రాక్షపళ్ళు, మరమరాలు చేతికి ఇవ్వకూడదు. దేవుడి గూట్లోని కర్పూరం బిళ్ళలు అందే చోట ఉండకూడదు, మింగితే మూర్ఛ వస్తుంది. రిమోట్‌లోని బటన్ బ్యాటరీ, శీతలపానీయం సీసాలో పోసి ఉంచిన ఫినాయిల్ కూడా అలాంటివే. బాత్‌రూములో బకెట్ ఎప్పుడూ బోర్లించి ఉండాలి, పాకే బిడ్డకు జానెడు నీళ్ళు చాలు.

గొంతులో ఏదైనా అడ్డుపడితే చేయవలసింది బొమ్మ మీద నాలుగైదుసార్లు చేయించండి. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి. శబ్దం రాక, ఊపిరి ఆడకపోతే, ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి, రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 సార్లు గట్టిగా చరచాలి, ఆపైన వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి, అడ్డు బయటికి వచ్చే దాకా ఇలా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే వెంటనే ఛాతీ నొక్కుతూ ఊపిరి ఊదడం మొదలుపెట్టాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. ఈలోగా పక్కింటివారిని కేకేసి 108కి ఫోను చేయించాలి. పక్కింటివారిని ఆమెకు ముందే పరిచయం చేసి ఉంచాలి. ఇంటి చిరునామా, బ్లాకు, ఫ్లాటు నంబరు, దగ్గరి గుర్తు పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. కంగారులో మన ఇంటి నంబరు మనకే గుర్తురాదు.

ఏడుపు గురించి విడిగా చెప్పండి. ఎంత విసుగు వచ్చినా బిడ్డను పట్టుకుని కుదపకూడదు, దానివల్ల మెదడులో రక్తస్రావం అవుతుంది. ఓర్పు అయిపోయినప్పుడు బిడ్డను ఊయలలో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు పక్క గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి, మీకు ఫోను చేయవచ్చు. ఏడుస్తున్న బిడ్డను వదిలి వెళ్ళిందని ఎవరూ అనరని ఆమెకు తెలియాలి.

8. కెమెరా

కెమెరా పెట్టాలా వద్దా అని అడిగితే, పెట్టండి, చెప్పి పెట్టండి అంటాను. హాల్లో, బిడ్డ ఆడుకునే చోట సరిపోతుంది. ఆమె బట్టలు మార్చుకునే గదిలో, బాత్‌రూములో పెట్టడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరమవుతుంది. కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, లేకపోతే మీ బిడ్డను మీతో పాటు ఊళ్ళోవారూ చూస్తారు. గంటకోసారి చూసి "టీవీ ఎందుకు పెట్టావు?" అని ఫోను చేయకండి. అలా చేస్తే ఆమె కెమెరాకు కనబడని మూల వెతుక్కుంటుంది, బిడ్డ కూడా ఆ మూలకే వెళుతుంది.

9. ఏం గమనించాలి

బిడ్డ రెండు మూడు వారాలు ఆమెను చూసి ఏడవడం మామూలే. నెల దాటాక కూడా ఆమె దగ్గరకు రాగానే ఒళ్ళు బిగుసుకోవడం, మామూలుగా గంట పడుకునే బిడ్డ నాలుగు గంటలు లేవకపోవడం, బిడ్డ ఒంటి మీద కారణం తెలియని కమిలిన గుర్తులు, రోజూ సాయంత్రానికి తడిసి ముద్దయిన డైపర్ మాత్రం పట్టించుకోవలసినవి. నిద్ర పుచ్చడానికి దగ్గు మందు పట్టే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది, అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మాటలు వచ్చిన పిల్లలకు, ఒంటి మీద ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో, ఏ రహస్యమైనా అమ్మానాన్నలకు చెప్పవచ్చని ముందే నేర్పాలి. ఆయా భర్తో, తమ్ముడో ఇంటికి వచ్చి కూర్చోవడం వద్దని మొదటి రోజే చెప్పాలి. లైంగిక హింస అనుమానం కలిగితే ఇంట్లో పంచాయితీ పెట్టవద్దు, పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం మీ బాధ్యత.

మా మొదటి ఆయమ్మ మంచి మనిషి. ఒకరోజు సాయంత్రం పాప మోచేతి కింద రూపాయి బిళ్ళంత ఎర్రని మచ్చ చూసి అడిగితే దోమ కుట్టిందమ్మా అన్నది. మర్నాటికి అది పొక్కింది. టీ గ్లాసు తగిలింది. ఆ ముందు వారమే ఆమె పింగాణీ కప్పు పగలగొట్టినందుకు మా ఇంట్లో పెద్దవారు అరగంట అరిచారు, 150 రూపాయలు జీతంలో పట్టుకుంటామన్నారు. కప్పుకే అంత గొడవ చేసినవారు బిడ్డ చేయి కాలిందంటే ఏం చేస్తారోనని ఆమె దాచింది. కాలిన వెంటనే ఇరవై నిమిషాలు కుళాయి నీటి కింద పెట్టి ఉంటే ఆ పొక్కు అంత అయ్యేది కాదు. తర్వాతి ఆయమ్మకు మొదటి రోజే చెప్పాం: పగిలినవాటికి పైసా పట్టుకోము, పాపకు ఏం జరిగినా ముందు ఫోను, తర్వాతే మిగతా సంగతులు. మూడో నెలలో ఒక మధ్యాహ్నం ఆమె ఫోను చేసి, "అమ్మా, పాప సోఫా మీంచి పడింది, తప్పు నాదే, నేను ఫోను చూస్తున్నాను" అన్నది. ఆ రోజు ఆమెను ఏమీ అనలేదు. పాపను డాక్టరుకు చూపించి వచ్చాక, పాప మెలకువగా ఉన్నంతసేపు ఫోను ఫ్రిజ్ మీద ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం, నేను కూడా.

అమెరికాలోని తెలుగువారికి ఒక మాట

అక్కడ చాలా తెలుగు ఇళ్ళలో, పిల్లలను చూడడానికి వచ్చిన పక్కవారి అమ్మగారిని జీతానికి అడగడం మామూలైపోయింది. సందర్శకుల వీసా మీద ఉన్నవారు జీతానికి పనిచేయడం అక్కడి చట్టానికి విరుద్ధం, ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే హెచ్-4 వీసా మీద పని అనుమతి లేకుండా ఉన్నవారికీ అంతే. పట్టుబడితే పోయేది ఆ పెద్దావిడ వీసా. అర్హత ఉన్న మనిషిని పెట్టుకున్నా, పనిచేసే అర్హత ఉన్నదని నిర్ధారించే ఐ-9 ఫారం నింపాలి. ఒకరికి ఏడాదికి ఇచ్చే జీతం ఒక హద్దుకు (2025లో అది 2,800 డాలర్లు) చేరినా, దాటినా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు కట్టి, ఏడాది జీతం, పన్నుల లెక్క చూపే డబ్ల్యూ-2 పత్రం ఇవ్వాలి.

10. ఆమె వెళ్ళేటప్పుడు

ఆయా మానేసే రోజు వస్తుంది. గేటు యాప్‌లో ఆమె పేరు తీయడం, తాళం చెవి వెనక్కి తీసుకోవడం, బాకీ జీతం ఆ రోజే వేయడం పది నిమిషాల పని. బిడ్డకు చెప్పడానికి అంతకంటే సమయం కావాలి. రెండేళ్ళ బిడ్డకు కూడా వారం ముందు నుంచీ చెప్పి, చివరి రోజు ఆమె చేతే టాటా చెప్పించాలి. చెప్పకుండా మాయమైన మనిషి కోసం మా పెద్దది నెల రోజులు లిఫ్టు తలుపు దగ్గర నిలబడింది.

ఆమెకు ఒక ఉత్తరం రాసి ఇవ్వండి: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఏ వయసు బిడ్డను చూసింది, ఏమేం నేర్చుకుంది, ఎందుకు మానేసింది. కింద మీ ఫోను నంబరు రాయండి. కొద్ది రోజులకు తెలియని నంబరు నుంచి ఒక తల్లి ఫోను చేసి, "మళ్ళీ అవసరం పడితే ఆమెనే పిలుస్తారా?" అని అడుగుతుంది. సోఫా సంగతితో సహా చెప్పండి.